నిండు మొహం

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం, హన్మకొండలో మా అమ్మాయి ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం. మనుమరాలు నిత్య అన్నంలో పప్పు కలుపుతూ చెయ్యి ఆపి నా వైపు చూసింది. తల కొంచెం పక్కకు వంచి మళ్ళీ చూసింది. "అమ్మమ్మా, జర కదలకు. నీ మొహం సగమే కనవడ్తాంది" అంది. మా అమ్మాయి నవ్వి, పొద్దస్తమానం ఫోన్ చూస్తే సగమేం ఖర్మ, రేపు మొత్తానికే కనపడదు అని దెప్పింది. నేను నవ్వలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట నేను అంతకు ముందు ఒకసారి విన్నాను, నిత్య కంటే చిన్న వయసులో. "సగం పోయిన కాడ ఏమున్నది బిడ్డా?" అని అడిగాను. ఆ పిల్ల కళ్ళు చికిలించి, "మెరుస్తాంది. వంకర వంకరగ, గోడ లెక్క. మన కోట గోడ లెక్క" అంది. నేను ఆమెకు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. మా అమ్మాయికీ చెప్పలేదు. కోట అనే మాటను ఆ అర్థంలో వాడిన మనిషి ఒక్కతే, ఆమె పోయి యాభై ఏండ్లు దాటింది. ఆమెతోపాటే ఆ మాట కూడా పోయిందనుకున్నాను.

మాది వరంగల్ బజారులో పూజ సామాన్ల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. కర్పూరం, ఊదుబత్తీలు, సాంబ్రాణి, పసుపు, కుంకుమ, అత్తరు, పోకచెక్కలు అన్నీ కలిసి ఒకే వాసన అయ్యేవి. అది మా బట్టలకు, జుట్టుకు, చివరికి పెరుగన్నానికి కూడా పట్టేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు నన్ను "గుడి" అని పిలిచేవాళ్ళు. కొనడానికి వచ్చినవాళ్ళకు భక్తి పుట్టించే ఆ వాసన మా పెద్దమ్మకు మాత్రం పడేది కాదు. మా అమ్మా, ఆమె అక్కా ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చారు. అక్కను మా బాపు అన్నకు, అంటే పెద్దబాపుకు, చెల్లెలిని మా బాపుకు ఇచ్చారు. అంటే ఎటునుంచి లెక్క చూసినా ఆమె నాకు పెద్దమ్మే. ఆమెకు పిల్లలు లేరు. మా అమ్మకు నా తర్వాత వరసగా పుట్టారు కాబట్టి నా జడలు, నా అన్నం, నా అలకలు అన్నీ పెద్దమ్మవే. పొడుగు మనిషి. వంటింటి ద్వారబంధానికి నెత్తి తగలకుండా వంగి వంగి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఎప్పుడూ తల కొంచెం వాల్చి ఉండేది.

ఆమెకు తలనొప్పి వచ్చేది. అందరికీ వస్తుంది, కానీ ఆమెది వేరు. ముందురోజు నుంచే ఊరికే ఆవలించేది. తీపి మీదికి మనసు పోయి ఆమె బెల్లం డబ్బా మూత తీసిన చప్పుడు మాకు వినపడేది. "దుకాణంల ఎవరో అత్తరు సీసా మూత సరిగ పెట్టలేదు, చూసి రాపో" అని నన్ను పంపేది. నేను వెళ్ళి చూస్తే, మూలన ఒక సీసా నిజంగానే మూత వదులై ఉండేది. మర్నాడు ఏ పనిలోనో ఉండగా ఠక్కున ఆగి, ఎదురుగా ఏమీ లేని చోటుకు చూస్తూ "కోట లేస్తాంది" అనేది. అంతే, చేతిలో పని కింద పెట్టి, పాత చీర పేలికను తలకు గట్టిగా బిగించి, నడిమింటి వెనకనున్న చీకటి అర్రలో పడుకునేది. నేను సానరాయి మీద శొంఠి అరగదీసి ఇస్తే ఆ గంధం ఒక్క కణతకే పట్టు వేసుకునేది. వాంతి చేసుకునేది. గిన్నె కింద పెట్టిన చప్పుడుకు కూడా మూలిగేది. ఒక దినమో, రెండు దినాలో గడిచాక లేచి తలస్నానం చేసి, ఏమీ జరగనట్టు పచ్చిపులుసు చేసేది. ఆ పూట ఆమె మొహం కడిగిన పళ్ళెంలాగా ఉండేది.

ఇంత వరకు ఉంటే ఏ ఇంట్లోనైనా ఉండే కథే. దీన్ని మార్చింది రాజయ్య చావు. రాజయ్య మా దుకాణానికి కొబ్బరికాయల బస్తాలు తెచ్చేవాడు. దించినాక పెరటి గుమ్మం దగ్గర నిలబడి మంచినీళ్ళు అడిగేవాడు. ఒక పగటిపూట పెద్దమ్మ చెంబు అందిస్తూ ఆయన వైపు చూసి, తమాషాగా ఉన్నట్టు నవ్వి, "గిదేంది రాజన్నా, నీకు మొహమే లేదు" అంది. ఆయనా నవ్వి, కొబ్బరి పీచు అంటుకున్నదేమోనని తువ్వాలతో తుడుచుకున్నాడు. ఆ వెంటనే పెద్దమ్మ తలకు గుడ్డ కట్టింది. ఆ వారం తిరగకుండానే రాజయ్య కాజీపేట దారిలో లారీ కింద పడి పోయాడు. కబురు తెచ్చిన మనిషి చెప్తున్నప్పుడు, పెద్దమ్మ ఆ పూట అన్న మాట విన్న మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి, ఆయన వైపు చూడలేదు. తల తిప్పి చీకటి అర్ర వైపు చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది.

మరునాటి నుంచి బాపమ్మ చట్టం పెట్టింది. పెద్దకోడలు తలకు గుడ్డ కట్టిందంటే ఆమెకు ఎవరూ మొహం చూపించొద్దు. నీళ్ళు ఇవ్వాలంటే వెనక్కి నడుచుకుంటూ పోయి, వీపు అటు పెట్టి, చెయ్యి వెనక్కి చాపి ఇవ్వాలి. మొదట్లో పిల్లలం దాన్ని ఆటలాగా ఆడుకున్నాం. గోడలకు గుద్దుకుని, చెంబులు ఒలికించి, నవ్వి తన్నులు తిన్నాం. తర్వాత నవ్వు పోయి అలవాటు మిగిలింది. కొత్తగా వచ్చిన చుట్టాలు మేమేదో వ్రతం పట్టామనుకునేవాళ్ళు. మా అమ్మ కూడా సొంత అక్కకు వీపు పెట్టే జావ తాగించేది. పెద్దబాపు అర్ర గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడి, ఎదురుగా ఉన్న గోడను అడుగుతున్నట్టు "ఎట్లున్నదే ఇప్పుడు?" అని అడిగేవాడు. "జర నయమే" అని వెనక చీకట్లోనుంచి జవాబు వచ్చేది. పట్టపగలు, బజారంతా బేరాలతో మోగుతుంటే, ఆ తలుపుకు ఇవతల ఇల్లంతా వెనక్కి నడిచేది.

ఒకనాడు నేను శొంఠి గంధం గిన్నె పట్టుకుని వెనక్కి నడుస్తుంటే గడప తగిలి వెల్లకిలా పడ్డాను. గిన్నె దొర్లింది. లేచే తొందరలో ఎటు తిరిగానో తెలియలేదు. చూసేసరికి పెద్దమ్మ మంచం మీద లేచి కూర్చుని నా మొహంలోకే చూస్తోంది. "నీ మొహం సగమే ఉన్నది బిడ్డా" అంది, చాలా మెల్లగా. వెంటనే తన చేత్తో తన కళ్ళే మూసుకుంది. "బాపమ్మకు చెప్పకు" అంది. నేను చెప్పలేదు. చెప్పకుండా చావు కోసం కూర్చున్నాను. ఇత్తడి బిందెలో, దుకాణం అద్దంలో, వడ్డించిన పళ్ళెం అడుగున, ఎక్కడ కనపడితే అక్కడ మొహం చూసుకున్నాను. రెండు కళ్ళూ ఉన్నాయి, అయినా నమ్మకం కుదరలేదు. ఆమెకు కనపడనిది నాకు కనపడితే ఏం లాభం అనుకున్నాను. బడికి పోయే దారిలో లారీ చప్పుడు వినపడితే ఎవరింటి అరుగు పడితే ఆ అరుగెక్కి గోడకు అతుక్కుని నిలబడేదాన్ని. అన్నం సయించలేదు.

పెద్దమ్మ తేరుకుని లేచాక నా పళ్ళెం చూసి సంగతి పట్టేసింది. పెరట్లో నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పుతూ, "సస్తనని కూసున్నవా?" అంది. నేను ఏడ్చాను. "పిచ్చిపిల్లా. నిన్ను చూసినంక గోడమీది లక్ష్మీదేవి పటం చూసిన. దేవికి గూడ సగం మొహం లేదు. దేవి సచ్చిపోయిందా? తలుపు సగం లేదు, నా చెయ్యి సగం లేదు. కోట లేసినప్పుడు అంతే, అది ఎక్కడ అడ్డమొస్తే అక్కడిది కనవడదు" అంది. మరి రాజయ్య అని అడిగాను. దువ్వెన ఆగింది. "లారీ నాకు కనవడలేదు బిడ్డా. కనవడితే చెప్పనా?" అంది. నా జుట్టు మళ్ళీ మొదటినుంచి దువ్వింది. ఆమె కూడా ఆ చావును మోస్తోందని అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అవుతోంది.

ఆ పూటే ఆమె నాకు తన నొప్పి గురించి చెప్పింది, వంట నేర్పినట్టు. మొదట చూపు నడుమ చిన్న మెరుపు పుడుతుంది, నీళ్ళ మీద ఎండ పడినట్టు. అది పెరిగి, మూలలు మూలలుగా, బురుజులు బురుజులుగా గోడ లేస్తుంది. చిన్నప్పుడు కోట చూడటానికి పోయినప్పుడు చూసిన రాతిగోడ లెక్కనే ఉంటుంది, కాకపోతే వణుకుతుంటుంది. మెల్లగా పక్కకు జరిగి జరిగి పోతుంది. అది పోయాక ఒక పక్కన రోకలి పోటు మొదలవుతుంది. వెలుతురు పడదు, వాసన పడదు, కదిలితే ఎక్కువవుతుంది. "జలుబు చేసినదైతే వంగితే బరువైతది, చెంపలు గుంజుతయ్. పనెక్కువైనా, మనసు బాగలేకున్నా వచ్చేదైతే చుట్టబట్ట పెట్టి బిందె ఎత్తుకున్నట్టు చుట్టూ ఉంటది, దాంతోని పని చేసుకోవచ్చు. ఆకలిదైతే ముద్ద తింటే పోతది. ఇది నాది. నాది నాకు ఎరుకే. వస్తది, పోతది, నన్నేం చేయదు" అంది. అయితే ఈ మాట బాపమ్మకు ఎందుకు చెప్పవని అడిగాను. "చెప్పిన. ఇనలేదు. ఇగ నేనూ ఊకున్న. తలనొప్పంటే కోడలిని ఎవరు పండనిస్తరే? భయమున్నది కాబట్టి పండనిస్తున్నరు" అని నవ్వింది. అంత తెలివైన ఆడది. ఆ భయం చాటున ఆమెకు కాస్త చీకటి, కాస్త నిశ్శబ్దం దొరికాయి. ఆ బేరం ఎంత పిరం అవుతుందో ఆమెకూ తెలియలేదు.

ఆ రోజు కూడా పగలే. మిల్లు కూత అప్పుడే ఆగింది. పెరట్లో నీడకు కూర్చుని పెద్దమ్మ పోకలు ఏరుతోంది. ముందురోజు ఆవలింతలు లేవు, బెల్లం డబ్బా మూత చప్పుడు లేదు. ఉన్నట్టుండి ఆమె మెడ వెనక చెయ్యి పెట్టుకుంది. ఎవరో వెనకనుంచి కొట్టినట్టు ముందుకు ఒరిగింది. చేట బోర్లా పడి పోకలు రాళ్ళ మీద దొర్లాయి. "అత్తమ్మా" అని పిలిచింది. ఆ పిలుపు ఎట్లా ఉందంటే బాపమ్మ వంటింట్లోనుంచి పరుగున వచ్చింది. వచ్చి, అలవాటు కొద్దీ గుమ్మంలో అటు తిరిగి నిలబడింది. పెద్దమ్మ రెండు చేతులతో తల పట్టుకుని, "ఇది నాది కాదత్తమ్మా. ఇది యేరేది" అంది.

మన భాషలో నొప్పికీ ఆడదానికీ ఒకటే 'ది'. ఆమె చెప్పింది నొప్పి గురించి. బాపమ్మ విన్నది మనిషి గురించి. "యేరేదా? ఎవతే అది?" అని వీపు తిప్పకుండానే అడిగింది. "నాది కాదు, నాది కాదు" అని తప్ప పెద్దమ్మ ఇంకేం చెప్పలేకపోయింది. బాపమ్మకు అన్నీ కుదిరిపోయాయి. మనుషుల మొహాలు మాయమవ్వడం, రాజయ్య పోవడం, ఇప్పుడు ఈ మాట. ఎవతో పట్టింది, ఇన్నేండ్లకు నోరు తెరిచింది అనుకుంది. చౌరస్తా అవతల తాయెత్తులు కట్టే ముసలాయనను పిలిపించారు. ఆయన మా దుకాణంలోని సాంబ్రాణే ఆమెను పడుకోబెట్టిన చీకటి అర్రలో గుప్పున పొగ వేసి, వేపమండలతో కొడుతూ "ఎవరు నువ్వు? పేరు చెప్పు" అని అడిగాడు. ఆమె వాంతి చేసుకుంది. నాలుక మడతపడుతుంటే "నాది కాదు" అంది. "ఒప్పుకుంటాంది" అన్నాడాయన. ఇంట్లో వాళ్ళంతా నడిమింట్లో వరసగా నిలబడ్డారు, అందరి వీపులూ ఆ గుమ్మానికి పెట్టి.

ముసలాయన నిప్పుల కోసం బయటికి వచ్చినప్పుడు నేను లోపలికి దూరాను. పొగలో ఆమె మంచం పట్టె పట్టుకుని ఉంది. మెడ కర్రలాగా బిగుసుకుపోయింది. నేను ఎదురుగానే పోయి నిలబడి, "కోట లేసిందా పెద్దమ్మా?" అని అడిగాను. ఆమె కళ్ళు తెరిచింది. నన్ను వెతుక్కుని, నా మీద నిలిపింది. "లేదు బిడ్డా" అంది. "నీ మొహం నిండ ఉన్నది."

నాకు అర్థమైంది. ఆ ఇంట్లో నాకొక్కదానికే అర్థమైంది. పరుగున పోయి బాపమ్మ కొంగు పట్టుకుని, "పెద్దమ్మకు కోట లేవలేదంట బాపమ్మా. నా మొహం నిండ కనవడ్తాందంట. ఇది ఆమె నొప్పి కాదు, దవాఖానకు కొంచవోదాం" అన్నాను. బాపమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. నా చెంపలు రెండూ నిమిరింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "నిండ కనవడ్డదా? చల్లటి మాట చెప్పినవ్ బిడ్డా. అయితే ఇగ ఫికర్ లేదు, ఎవ్వరికీ ఏం గాదు" అంది. ఆ మాటే దుకాణంలో ఉన్న పెద్దబాపుకు చెప్పి పంపింది. నేను మళ్ళీ చెప్పాను, అరిచాను, కాళ్ళు నేలకేసి కొట్టాను. పిల్ల దడుచుకుందని నాకు కూడా విభూతి పెట్టారు.

పొద్దు వాలే వేళకు అర్రలోనుంచి ఏ చప్పుడూ రాకపోయేసరికి పెద్దబాపు దుకాణం వదిలి వచ్చాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అలవాటుగా అటు తిరగబోయి, తిరగకుండా, నేరుగా లోపలికి నడిచాడు. ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని, బజారంతా చూస్తుండగా రిక్షా ఎక్కించాడు. దవాఖాన చేరేసరికి ఆమెకు తెలివి లేదు. తెల్లారేసరికి ఆమె లేదు. తలలో రక్తనాళం చిట్లిందని డాక్టరు చెప్పాడట. జర ముందు తెస్తే అని మొదలుపెట్టి, పెద్దబాపు మొహం చూసి ఆపేశాడట. ముందే తీసుకుపోయినా అప్పటి రోజుల్లో ఏం చేయగలిగేవాళ్ళో నాకు తెలియదు. కానీ ఆమె మాట ఆమె మాటగా ఒక్కరైనా విని ఉంటే, ఆ చివరి పగలు ఆమె ముందు మా వీపులు కాక మొహాలు ఉండేవి. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీదో చెప్పలేను.

ఆ తర్వాత చాలా ఏండ్లు, ఖాళీగా ఉన్న ఆ అర్ర గుమ్మం వచ్చేసరికి ఇంట్లో అందరం దానికి వీపు పెట్టి నడిచేవాళ్ళం. ఎవరూ నడవమని చెప్పలేదు. కొత్తగా కాళ్ళు వచ్చిన మా చిన్నతమ్ముడు, పెద్దమ్మను ఎరగని వాడు, వాడూ అక్కడికి రాగానే వెనక్కి తిరిగేవాడు. బాపమ్మ మంచాన పడ్డాక, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళనూ చెయ్యి పట్టుకుని "నా మొహం నిండ ఉన్నదా?" అని అడిగేది. ఉంది అంటే ఏడ్చేది. ఇప్పుడు ఆ దుకాణం ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఇల్లు పోయి గోదాం అయ్యింది. పెద్దమ్మ నొప్పికి ఇప్పుడు పేరుంది. కాకపోతే ఆ పేరు మరీ చవకైపోయింది. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరిని కదిలించినా మైగ్రేనే. సీరియల్ మధ్యలో కరెంటు పోయినా మైగ్రేనే, ఆడబిడ్డ ఫోన్ చేసినా మైగ్రేనే. అప్పుడు తలనొప్పినంతా దయ్యం అన్నారు, ఇప్పుడు అంతా మైగ్రేన్ అంటున్నారు. ఏది ఏదో చెప్పే మనిషి మాట వినేవాళ్ళు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

ఆ ఆదివారం నిత్యకు కూడా కాసేపటికి ఆ గోడ జరిగిపోయి, ఎడమ పక్కన పోటు మొదలైంది. మర్నాడే పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చిన్న వయసు డాక్టరమ్మ. ఓపికగా అడిగింది. మెరుపు ముందా, నొప్పి ముందా? ఎంతసేపు ఉండి పోయింది? ఒక పక్కనేనా? వెలుతురు పడదా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? పెద్దమ్మ పెరట్లో కూర్చుని చెప్పినవే ఒక్కొక్కటీ ప్రశ్నలై వచ్చాయి. పరీక్షలన్నీ చేసి, ఇది మైగ్రేన్, భయపడేది కాదు, వేళకు తినాలి, నిద్రపోవాలి, మందు ఇస్తాను అంది. తర్వాత నిత్య వైపు వంగి, "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో అమ్మా. ఎప్పుడైనా ఇట్ల మెల్లగ కాకుండ ఒక్కసారి పిడుగు పడ్డట్టు వస్తే, మెడ పట్టేసినా, మాట తడబడినా, చెయ్యి కాలు వశం తప్పినా, ఎప్పుడూ వచ్చేది కాదిది అని నీకే అనిపించినా, ఆగొద్దు. వెంటనే రావాలె" అంది. "నీకు అనిపిస్తే చాలు" అని మళ్ళీ అంది. నేను అక్కడే ఏడ్చేశాను. డాక్టరమ్మ నన్ను ఊరడిస్తూ, మనుమరాలికి ఏం ఫరవాలేదు పెద్దమ్మా అంది. ఆ పిలుపు ఊళ్ళో ముసలివాళ్ళందరికీ వాడేదే. అయినా ఆ గదిలో ఆమె దాన్ని ఎవరితో అన్నదో అని ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాను.

మొన్న మధ్యాహ్నం నిత్య గదిలోనుంచి పిలిచింది. "అమ్మమ్మా, కోట లేస్తాంది." ఆ మాట ఇప్పుడు మా ఇంట్లో మళ్ళీ వాడుకలోకి వచ్చింది. నేను కిటికీ పరదాలు వేసి, మందూ నీళ్ళూ తీసుకుని గుమ్మం దగ్గరికి పోయాను. అక్కడ నా కాళ్ళు నేను చెప్పకుండానే ఆగాయి. మడమలు వెనక్కి తిరగబోయాయి. ఇన్నేండ్ల తర్వాత కూడా. గుమ్మం పట్టుకుని నిలదొక్కుకుని, ముందుకే నడిచి, ఆమెకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నా మొహం ఎంత ఉన్నది బిడ్డా?" అని అడిగాను.

చీకట్లో ఆ పిల్ల చాలాసేపు నన్ను చూసింది. "సగమే ఉన్నదమ్మమ్మా."

"అయితే నీదే" అన్నాను. మళ్ళీ నిండా కనపడిందని ఆమె చెప్పేదాకా, మొహం తిప్పుకోకుండా అక్కడే కూర్చున్నాను.